‘భగ్నుఁడై’ నా, ‘నగ్నుఁడై’ నా? పారిపోయే శత్రువు మీద ఒక్కక్షరం తగువు

కొత్తపేట కుర్రాడు, గుంటూరు:
పెద్దలందరికీ నమస్కారం. పోతన ప్రథమ స్కంధంలో ‘వెఱచినవాని’ పద్యం, రెండో పాదం చివర. ‘...మద్యముఁ ద్రావినవాని’ తర్వాత ‘భగ్నుఁడై’ నా, ‘నగ్నుఁడై’ నా? ఆత్మరక్షణ హక్కు మీద ఇక్కడ జరిగిన ఒక సభలో వక్త రెండుసార్లూ ‘నగ్నుఁడై పఱచినవాని’ అనే చదివారు. కవచం పారేసి పరుగెత్తేవాడని అర్థం కూడా చెప్పారు. ఒక్కక్షరమే గానీ అర్థం ఎక్కడికో పోతోంది. పుస్తకం దగ్గరున్నవాళ్ళు కాస్త చూసి చెప్పరూ?

శకటరేఫ:
దీనికి పుస్తకం ఎందుకు బాబూ, నోటికి రావాల్సిన పద్యం.

వెఱచినవాని దైన్యమున వేఁదుఱు నొందినవాని నిద్ర మై
మఱచినవాని సౌఖ్యమున మద్యముఁ ద్రావినవాని భగ్నుఁడై
పఱచినవాని సాధు జడభావమువానినిఁ గావుమంచు వా
చఱచినవానిఁ గామినులఁ జంపుట ధర్మము గాదు ఫల్గునా!

చంపకమాల. మీరు అడిగింది పాదంలో పంతొమ్మిదో అక్షరం. ప్రాస రెండో అక్షరంతో సరి, యతి పదకొండో అక్షరంతో సరి. పంతొమ్మిదోదాన్ని పట్టించుకునే నాథుడు లేడు. ‘భగ్నుఁడై’ రగణం, ‘నగ్నుఁడై’ కూడా రగణమే. పోనీ సంధి ఏమైనా పట్టిస్తుందా అంటే అదీ లేదు. ‘వానినిఁ గావుమంచు’, ‘వానిఁ గామినుల’ అన్నచోట ద్రుతం మీద పరుషం సరళమైంది కాబట్టి అసలు అక్షరం ‘క’ అని తెలుస్తోంది. భకారానికీ నకారానికీ ఆ బాధ లేదు. కాబట్టి ఛందస్సుని, వ్యాకరణాన్ని బోనెక్కించి లాభం లేదు. పాఠం మాత్రం ‘భగ్నుఁడై’.

ఇంకో సంగతి. సెల్‌ఫోన్లలో ‘పరచినవాని’ అని కొట్టేవాళ్ళకి దండం. నాలుగు పాదాల్లోనూ బండి ఱ ప్రాస. దాన్ని చెడగొట్టకండి.

పోతన పక్షపాతి, విజయవాడ:
అలా చెప్పండి మాస్టారూ! ర, ఱ కలిపేశాడని లాక్షణికులు (కావ్యనియమాలు రాసినవాళ్ళు) పోతన్నను పక్కన కూర్చోబెట్టారు. ఇక్కడ చూడండి: వెఱచు, మఱచు, పఱచు, చఱచు. నాలుగూ నిఖార్సయిన శకటరేఫలే. తప్పు పట్టినవాళ్ళు ఈ పద్యం చదవలేదో ఏమో.

శకటరేఫ:
ఒక పద్యం చూపించి కవిని నిర్దోషిగా విడుదల చేయించలేమమ్మా. మిగతా స్కంధాలున్నాయి.

కౌటిల్యుడి గుమస్తా, లబ్బీపేట:
వక్తగారి ‘నగ్నుఁడు’ ఎక్కడి నుంచి వచ్చాడో నేను చెప్తాను. మనుస్మృతి ఏడో అధ్యాయం, 92: ‘న సుప్తం న విసన్నాహం న నగ్నం న నిరాయుధమ్’. నిద్రపోయేవాణ్ణి, కవచం లేనివాణ్ణి, నగ్నంగా ఉన్నవాణ్ణి, ఆయుధం లేనివాణ్ణి చంపకూడదు. అక్కడి నగ్నుణ్ణి తెచ్చి ఇక్కడి పద్యంలో కూర్చోబెట్టారన్నమాట. పైగా మనువు కవచం లేనివాణ్ణి ‘విసన్నాహం’ అని విడిగా చెప్పాడు. కాబట్టి నగ్నుడంటే కవచం పారేసినవాడన్న వివరణ ఆ శ్లోకానికే అతకదు.

పోతన తెలుగు చేసింది భాగవత మూలాన్ని: ‘మత్తం ప్రమత్తమున్మత్తం సుప్తం బాలం స్త్రియం జడమ్, ప్రపన్నం విరథం భీతం న రిపుం హంతి ధర్మవిత్’. లెక్క కట్టండి. మత్తం: మద్యం తాగినవాడు. ఉన్మత్తం: వేదురు నొందినవాడు. సుప్తం: నిద్ర మైమరచినవాడు. ప్రపన్నం: కావుమన్నవాడు. భీతం: వెఱచినవాడు. మిగిలిన ‘విరథం’ దగ్గర పోతన ‘భగ్నుఁడై పఱచినవాని’ అన్నాడు. అసలు తగువు ఇక్కడ మొదలవ్వాలి. ‘భగ్న’ దేనికి విశేషణం? విరిగింది రథమా, మనిషా?

శకటరేఫ:
మూలం ‘విరథం’ అయినప్పుడు రథభగ్నమే. రథం విరిగి కాలినడకన పరుగెత్తుతున్నవాడు. ఇందులో తగువేముంది?

కౌటిల్యుడి గుమస్తా:
ఉంది మాస్టారూ. ‘భగ్న’ అనేది యుద్ధశాస్త్రంలో నలిగిన మాట. అర్థశాస్త్రం పదో అధికరణం, మూడో అధ్యాయం చివర:

పునరావర్తమానస్య నిరాశస్య చ జీవితే
అధార్యో జాయతే వేగస్తస్మాద్భగ్నం న పీడయేత్

బతుకు మీద ఆశ వదులుకుని వెనక్కి తిరిగినవాడి ఊపు ఆపతరం కాదు, అందుకని ‘భగ్నం’ అయిన సేనని మరీ నొక్కకు. ఇక్కడ భగ్నం అంటే బారులు చెదిరి పారుతున్న దండు. రథం ఊసు లేదు. పోతన ‘విరథుఁడై’ అనలేక కాదు, ‘భగ్నుఁడై పఱచిన’ అనడంలో ఒక్క రథికుడి కష్టాన్ని ఓడిన సైనికులందరికీ విస్తరించాడు. నా వాదన ఇదీ. కౌటిల్యుడు చెప్పిన కారణం చూశారా? దయ కాదు, లెక్క. దారి మూసేస్తే ఎలుకైనా కరుస్తుంది.

పోతన పక్షపాతి:
పోతన్న అర్థశాస్త్రం ముందేసుకుని పద్యం రాశాడా గుమస్తాగారూ? మీరు ప్రతి చెరువులోనూ కౌటిల్యుణ్ణే పడతారు.

రిటైర్డ్ సుబేదార్, తెనాలి:
నమస్తే. పద్యాల జోలికి రాను. ‘పఱచినవాని’ విషయంలో మాత్రం ఒక మాట. పారిపోతున్నవాణ్ణి కాల్చకూడదని ఇవాళ్టి యుద్ధ చట్టంలో ఎక్కడా లేదు. 1907 హేగ్ నిబంధనల్లో 23వ అధికరణ ఆయుధం కింద పెట్టి, లేదా కాపాడుకునే సాధనమే లేక లొంగిపోయినవాణ్ణి చంపరాదంటుంది. ‘ఎవరినీ ప్రాణాలతో వదలం’ అని ప్రకటించడమూ నిషేధమే. జెనీవా ఒప్పందాలకి 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 41వ అధికరణలో ముగ్గురికే రక్షణ: శత్రువు చేతికి చిక్కినవాడు, లొంగిపోతానని స్పష్టంగా తెలియజేసినవాడు, స్పృహ లేకో గాయాలవల్లో జబ్బువల్లో ఎదిరించలేనివాడు. అదీ దాడి చేయకుండా, తప్పించుకోజూడకుండా ఉంటేనే. ఆ ప్రోటోకాల్‌లో భారతదేశం చేరలేదు. కానీ లొంగినవాణ్ణి చంపరాదన్న నియమం అందరికీ వర్తించే ఆచారమే. 1949 జెనీవా ఒప్పందాలకి మనం కట్టుబడే ఉన్నాం, వాటికోసం 1960లో చట్టం కూడా చేసుకున్నాం.

వెనక్కి పరుగెత్తేవాడు ఈ ముగ్గురిలోనూ లేడు. ఎందుకంటే వెనక్కి తగ్గడం కూడా యుద్ధమే. సెక్షన్ అనే చిన్న దళంలో సగం మంది కాలుస్తుంటే సగం మంది వెనక్కి జరుగుతారు, తర్వాత వాళ్ళు కాలుస్తుంటే వీళ్ళు జరుగుతారు. వీపు కనబడింది కదా అని వదిలేస్తే రెండు వందల గజాల అవతల బోర్లా పడుకుని అదే తుపాకీ ఇటు తిప్పుతాడు. 1991 ఫిబ్రవరిలో కువైట్ నుంచి బాస్రా వైపు వెళ్తున్న ఇరాకీ బండ్ల బారు మీద అమెరికా విమానాలు దాడి చేసినప్పుడు వచ్చిన గొడవంతా ఇదే: వాళ్ళు వెనక్కి పోతున్నారు, కానీ లొంగలేదు.

కొత్తపేట కుర్రాడు:
సుబేదార్ గారూ, మరి తెల్లగుడ్డ ఊపితే?

రిటైర్డ్ సుబేదార్, తెనాలి:
తెల్లజెండా అసలు అర్థం లొంగిపోవడం కాదు, ‘మాట్లాడుకుందాం’ అని. హేగ్ 32లో అది రాయబారి గుర్తు. అవతలి కమాండర్ అతన్ని రానివ్వాలన్న బలవంతం కూడా లేదు. వాడుకలో లొంగుబాటుకీ అదే ఊపుతున్నారు కాబట్టి తికమక. ఎక్కడ చెడుతుందంటే, ఒక గుంతలో ఒకడు గుడ్డ ఊపుతాడు, పక్క గుంతలోవాడికి అది తెలియదు, వాడు కాలుస్తూనే ఉంటాడు. గుడ్డ ఊపినవాడికే రక్షణ, పక్కవాడికి కాదు. అందుకే మనవాళ్ళు లేచి అటు వెళ్ళరు, వాళ్ళనే ఇటు రప్పిస్తారు. ఆయుధం అక్కడే నేల మీద వదలాలి, చేతులు పైకి, ఒక్కొక్కరుగా, నలువైపులా కనబడే చోటికి. ఒకరు తనిఖీ చేస్తుంటే ఇంకొకరు పక్కనుంచి తుపాకీతో కాపు కాయాలి. తనిఖీ చేసేవాడు ఆ తుపాకీకీ ఖైదీకీ నడుమ పడకూడదు. తర్వాత ఆఫీసర్లను, జవాన్లను విడదీస్తారు, మాట్లాడుకోనివ్వరు, చీటీ కడతారు: ఎక్కడ, ఎప్పుడు, ఏ యూనిట్ పట్టుకుంది అని. ఆ చీటీ సరిగా రాయకపోతే వెనక ప్రశ్నించేవాళ్ళకి ఆ మనిషి వల్ల ఏమీ దొరకదు. వీలైనంత త్వరగా కాల్పుల జోన్ నుంచి వెనక్కి పంపేస్తారు. హెల్మెట్, గ్యాస్ మాస్కు, పతకాలు, ఒంటి మీద బట్టలు వాళ్ళవే, తీసుకోకూడదు. డబ్బు తీసుకోవాలంటే ఆఫీసర్ ఆర్డర్ ఉండాలి, రసీదు ఇవ్వాలి. పేరు, ర్యాంకు, పుట్టినతేదీ, నంబరు తప్ప ఖైదీ ఇంకేమీ చెప్పక్కర్లేదు.

పోతన పక్షపాతి:
రసీదు అనగానే నవ్వొచ్చింది సుబేదార్ గారూ. అశ్వత్థామ నెత్తిన మణి ఊడబెరికినప్పుడు అర్జునుడు రసీదిచ్చినట్టు ఏ పురాణంలోనూ లేదు.

నవ్వులాట అటుంచితే, ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ పద్యం ఎవరు ఎవరితో ఎందుకు అన్నారు? అందరూ దీన్ని దయ పద్యంగా సభల్లో చదువుతారు. కానీ అన్నవాడు కృష్ణుడు. విన్నవాడు అర్జునుడు. ఎదురుగా, నిద్రపోతున్న ద్రౌపది కొడుకుల్ని చంపిన అశ్వత్థామ తాళ్ళతో పశువులా కట్టేసి ఉన్నాడు. ‘వీణ్ణి వదలకు, చంపు’ అని చెప్తూ, చంపడానికి కారణంగా ఈ పట్టిక చదివాడు. ఇది క్షమాభిక్ష అర్జీ కాదు, నేరారోపణ పత్రం! సుబేదార్ గారి లెక్కలో అశ్వత్థామే యుద్ధఖైదీ. ఖైదీని చంపమంటూ, ఎవర్ని చంపకూడదో చెప్పే పద్యం అది. వ్యాసుడు ‘ఏవం పరీక్షతా ధర్మం’ అన్నాడు, ఇది అర్జునుడికి పెట్టిన పరీక్ష. అర్జునుడు చంపలేదు, పాసయ్యాడు.

ఆ తర్వాత ద్రౌపది అశ్వత్థామతో అన్న పద్యం. అది లేకుండా ఈ చర్చ ఏం చర్చ?

ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు బలోత్సేకంబుతోఁ జీఁకటిన్
భద్రాకారులఁ జిన్ని పాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో

ఆయుధం పట్టి మీద పడలేదు, యుద్ధభూమిలో లేరు, నీకు ద్రోహం చేయలేదు, యుద్ధమే రాదు, నిద్రలో ఉన్నారు. పోరాటంలో పాలుపంచుకోనివాళ్ళ జోలికి పోవద్దని మీరు చెప్పే ఒప్పందాలు ఇంతకంటే ఏం అన్నాయి?

శకటరేఫ:
‘చేతులు’ బహువచనం, ‘ఆడెనో’ ఏకవచనంలా ఉందే అని ఎవరో ఒకరు అడుగుతారు. ముందే చెప్తున్నా, అమహత్తుకి, అంటే చేతుల్లాంటి వస్తువాచకాలకి, బహువచనంలోనూ అదే రూపం.

గవర్నర్‌పేట ప్లీడరు:
ఆలస్యంగా వచ్చాను. సభలో విషయం ఆత్మరక్షణ హక్కు కదా, మీరంతా యుద్ధభూమిలో ఉండిపోయారు. మామూలు మనిషికి ‘పఱచినవాడి’ సమస్య అక్షరాలా చట్టంలోనే ఉంది. పాత ఐపీసీ 105, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 43. దొంగతనం విషయంలో ఆస్తి కాపాడుకునే హక్కు దొంగ సొత్తుతో తప్పించుకుపోయేదాకా, లేదా పోలీసుల సాయం అందేదాకా, లేదా సొత్తు దొరికేదాకా. దోపిడీ అయితే చంపుతాడనో, కొడతాడనో, కదలనివ్వడనో భయం నడుస్తున్నంతసేపు. రాత్రి కన్నం వేసి చొరబడితే ఆ చొరబాటు సాగుతున్నంతసేపు. ఒంటి రక్షణకైతే 40: అపాయం ఉందన్న సహేతుకమైన భయంతో మొదలు, ఆ భయంతో ముగింపు.

ఎంతవరకు కొట్టొచ్చు అన్నది వేరే ప్రశ్న. ప్రాణం తీసేదాకా వెళ్ళే హక్కు ఒంటి విషయంలో 38లో, ఆస్తి విషయంలో 41లో లెక్కపెట్టి చెప్పారు. 41లో దోపిడీ, పొద్దుగుంకాక పొద్దుపొడిచేలోపు ఇంట్లోకి చొరబాటు, ఇంటికి నిప్పు, చావో తీవ్రగాయమో తప్పదన్న భయం కలిగించే దొంగతనం లాంటివి ఉన్నాయి. బీసెంట్ రోడ్డులో గొలుసు తెంపి పరుగెత్తేవాణ్ణి పట్టుకోవచ్చు, పెనుగులాడితే లొంగదీసేంత బలం వాడొచ్చు, చంపకూడదు. వాణ్ణి స్తంభానికి కట్టేశాక ఒక్క దెబ్బ వేసినా అది ఆత్మరక్షణ కాదు, వేసినవాడి మీద కేసు. కోర్టులో ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే: మొదటి దెబ్బకి హక్కుంది, పదో దెబ్బకి లేదు, గాయాల రిపోర్టులో పదీ కనబడతాయి. హక్కు ఉందని రుజువు చేసే భారం కూడా ముద్దాయిదే, సాక్ష్య అధినియం 108. అయితే ప్రాసిక్యూషన్‌లాగా అనుమానాతీతంగా కాదు, అలా జరిగుండడమే ఎక్కువ సంభవమని చూపిస్తే చాలు. ప్రాణభయంలో ఉన్నవాడు వేసే దెబ్బని బంగారు తక్కెడలో తూచకూడదని సుప్రీంకోర్టూ అన్నది.

కౌటిల్యుడి గుమస్తా:
అంటే మీ 43లో దొంగ భగ్నుడు కాకపోయినా, పఱచేదాకా హక్కు ఉంది. పఱచాక లేదు. పోతన లెక్కకి దగ్గరే కదా?

గవర్నర్‌పేట ప్లీడరు:
దగ్గరే, కానీ కారణం వేరు. చట్టానికి దొంగ మీద జాలి లేదు. భయం పోయాక పని పోలీసులది, నీది కాదు, అంతే. దేశాల మధ్యా అదే అచ్చు. ఐక్యరాజ్యసమితి చార్టర్ 51 చూడండి: సాయుధ దాడి జరిగితే ఆత్మరక్షణ హక్కు, అదీ భద్రతామండలి తగిన చర్యలు తీసుకునేదాకా, వెంటనే మండలికి తెలియజేయాలి. మన సంహితలో పోలీసుల సాయం అందేదాకా అన్నట్టే. తేడా ఏమిటంటే మన వీధికి పోలీసు వస్తాడు, భద్రతామండలిలో మాత్రం అయిదుగురిలో ఒకరు వీటో వేస్తే ఆ ‘దాకా’ ఎప్పటికీ రాదు.

ఇక ధర్మశాస్త్రాల్లోని ‘ఆతతాయి’ మాట, అంటే చంపదగినంత దుర్మార్గుడు. విషం పెట్టేవాడు, ఇల్లు తగలబెట్టేవాడు, ఆయుధంతో వచ్చేవాడు, సొమ్ము, పొలం, భార్యను అపహరించేవాడు, ఆరుగురు. మనువు ‘ఆయాంతం’ అన్నాడు గమనించండి, ‘మీదికి వస్తున్న’ ఆతతాయిని. వెళ్ళిపోతున్నవాణ్ణి అనలేదు. ఆ ఒక్క పదంలో సెక్షన్ 40 మొత్తం ఉంది.

శకటరేఫ:
శభాష్ ప్లీడరుగారూ. అయితే ‘ఆయాంతం’ శత్రర్థకం, అంటే జరుగుతున్న పనిని చెప్పే రూపం, ‘పఱచినవాని’ భూతకాల విశేషణం. వస్తున్నవాడికీ, పారిపోయినవాడికీ మధ్య పారిపోతూ ఉన్నవాడు ఎటూ కాకుండా మిగిలాడు.

పోతన పక్షపాతి:
వాడి సంగతి అశ్వత్థామ కథే చెప్తుంది. ‘బ్రహ్మబంధుర్న హంతవ్య ఆతతాయీ వధార్హణః’. పేరుకే అయినా బ్రాహ్మణుడు కాబట్టి చంపకూడదు, ఆతతాయి కాబట్టి చంపదగినవాడు, రెండూ ఒక్కడే. తీర్పు ఏమిటి? తల గొరగడం, సొత్తు లాక్కోవడం, చోటు విడిచి వెళ్ళగొట్టడం. ‘స్థానాన్నిర్యాపణం’, అదే వాడికి వధ అన్నాడు వ్యాసుడు.

రిటైర్డ్ సుబేదార్, తెనాలి:
వెళ్ళగొట్టడం అన్నారు కాబట్టి చెప్తున్నా. నేను చెప్పిన 41వ అధికరణలోనే మూడో భాగం: పట్టుకున్న దళానికి ఖైదీలను వెనక్కి పంపే వీలే లేకపోతే, అంటే శత్రుభూమిలో నలుగురు మనుషుల పెట్రోలింగ్ లాంటిది, వాళ్ళను వదిలేయాలి. వదిలేటప్పుడు వాళ్ళ భద్రతకి వీలైన జాగ్రత్తలూ తీసుకోవాలి. భారమయ్యారని చంపడం కుదరదు. పెద్ద ఎత్తున అయితే 1971 డిసెంబర్ 16 ఢాకా. లొంగుబాటు పత్రంలోనే జెనీవా ఒప్పందాల ప్రకారం సైనికులకు తగిన గౌరవం ఇస్తామని రాశారు. సుమారు 93 వేల మంది. తిరిగి పంపించడం 1973 ఆగస్టు ఢిల్లీ ఒప్పందం తర్వాత మొదలై 1974 ఏప్రిల్‌కి గానీ పూర్తికాలేదు.

కౌటిల్యుడి గుమస్తా:
ఢాకా దాకా ఎందుకు, మన కొండవీడు లేదూ? 1515లో కృష్ణరాయలు కోట పట్టినప్పుడు కళింగ రాకుమారుడు వీరభద్ర గజపతి చిక్కాడు. రాయల శాసనాల్లో ఆ ఘట్టానికి వాడిన మాటలు ‘జీవగ్రాహం’, ‘అభయదానం’. ప్రాణాలతో పట్టుకోవడం, చంపనని మాటివ్వడం. సుబేదార్ గారి ఇరవై లైన్లూ ఆ రెండు మాటల్లో ఉన్నాయి.

గవర్నర్‌పేట ప్లీడరు:
చీటీ, రసీదు లేవు.

కొత్తపేట కుర్రాడు:
అందరికీ ధన్యవాదాలు. ఇంతకీ భ అనే ఖాయం చేసుకోమంటారా?

శకటరేఫ:
భ. మూలంలో నగ్నుడు లేడు.

కౌటిల్యుడి గుమస్తా:
భ అని నేనూ ఒప్పుకుంటా, రథం మాత్రం ఒప్పుకోను.

పోతన పక్షపాతి:
మూలంలో లేడు సరే, మూలంలో ఉన్నవాడు పద్యంలో లేకపోవడం సంగతేమిటి మాస్టారూ? ‘బాలం’ ఎటు పోయాడు? చంపింది పసివాళ్ళని. కృష్ణుడు చదివిన పట్టికలో పసివాడే కనబడడు. ‘సాధు’ శబ్దంలో ఇమిడ్చాడా, లేక ‘చిన్ని పాపల’ అని ద్రౌపది నోట చెప్పిద్దామని దాచిపెట్టాడా? నేనైతే రెండోదే అంటాను.

శకటరేఫ:
‘సాధు జడభావమువాని’ ఒక్క సమాసమమ్మా. అందులో పిల్లాణ్ణి ఇరికించకండి.

గవర్నర్‌పేట ప్లీడరు:
‘ప్రమత్తం’ కూడా లేడు. ఏమరుపాటుగా ఉన్నవాడు. వాడి తరఫున ఎవరు వాదిస్తారు?

శకటరేఫ:
‘మైమఱచినవాని’లో ఉన్నాడు. కాదంటే రేపు వేరే పోస్టు పెట్టండి, ఇది ఇప్పటికే పొడుగైంది.